కోసిన చేల మీదికి వాయుగుండం

బంగాళాఖాతంలోని వాయుగుండం ఉత్తరానికి తిరిగిపోతుందని హెలెన్ నమ్మింది. అది తిరగలేదు. ఒక పగలూ ఒక రాత్రీ నడిసముద్రంలో కదలకుండా నిలబడి, ఆ తర్వాత తీరిగ్గా కోస్తా వైపు మొహం పెట్టింది. పొద్దున్నే ఆఫీసులో ఆ సంగతి తెలుసుకుని, ఫోనులో చెప్పే ధైర్యం చాలక, అన్న ఆరోన్ దగ్గరికి బయల్దేరి పామర్రు బస్సెక్కిన హెలెన్‌ని మనం కిందటి వారం విజయవాడ బస్టాండులో వదిలేశాం.

రైతులకు వాతావరణం చెప్పడం ఆమె ఉద్యోగం. మంగళవారం, శుక్రవారం జిల్లాలో వేలమంది రైతుల ఫోన్లు మోగుతాయి. ఎత్తితే వినిపించే రికార్డు గొంతు ఆమెది. ఈ వారం ఆ గొంతు వరి కోతలు వాయిదా వేసుకోమని చెప్పింది. అది ఆఫీసు మాట. అదే రోజు ఆరోన్ విడిగా అడిగితే, కోసుకోమని వాట్సాప్‌లో వాయిస్ మెసేజీ పెట్టింది. అది ఇంటి మాట. ఆరోన్ పామర్రు అవతల చినగట్టుపాలెంలో కౌలు వ్యవసాయం చేస్తాడు. చెల్లెలు చెప్పిందని చేను మొత్తం కోసి పడేశాడు.

ఒక్క చేనే కదా, నలుగురు మనుషుల్ని పెట్టుకుంటే చీకటి పడేలోగా ఎంతో కొంత గట్టెక్కించవచ్చు అనుకుంటూ హెలెన్ బస్సులో కూర్చుంది.

కంకిపాడు దాటేదాకా ఆమె కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. గంట గంటకీ వచ్చే ఉపగ్రహ చిత్రంలో తెల్లటి మబ్బుముద్ద ఒకటి గుండ్రంగా చుట్టుకుంటూ ఉంది. ఉత్తరాది నుంచి వచ్చే పడమటి గాలులు దాన్ని అందుకుని ఒడిశా మీదుగా ఈశాన్యానికి లాక్కుపోవాల్సింది. ఏటా నవంబరు ఆఖరులో పుట్టే వాయుగుండాలు చాలావరకు అలాగే పోతాయి. ఈసారి ఆ గాలులు దీనికంటే ముందే దాటిపోయాయి. ఇక దాన్ని లాగేవాళ్ళు లేరు.

ఉయ్యూరు వచ్చాక ఫోను సంచిలో వేసి కిటికీలోంచి చూసింది. రోడ్డు పక్క చేను కోసేసి ఉంది. పసుపుపచ్చటి వరి పనలు బారులుగా పరిచి ఉన్నాయి. దాని పక్క చేనూ కోసేసి ఉంది. దాని అవతలదీ అంతే. కాలవగట్టు దాటి కనుచూపు మేర చూసింది. నిలబడి ఉన్న వరి ఎక్కడో ఒక పొలం చెక్క, ఇంకెక్కడో ఒక చెక్క కనబడింది. మిగతాదంతా నేలమీద పడుకుని ఉంది.

‘వీళ్ళందరికీ ఏమొచ్చింది? వాయిదా వేసుకోమన్నాం కదా?’ అనుకుంది.

అప్పటికింకా ఆమెకు అర్థం కాలేదు.

పామర్రు సెంటర్లో దిగేసరికి ఉక్కగా ఉంది. ఆకు కదలడం లేదు. నవంబరులో మధ్యాహ్నం అలా చెమటలు పట్టకూడదు. ఆకాశం ఇంకా తేటగానే ఉంది కానీ తూర్పున బాగా ఎత్తులో దూది పేనినట్టు సన్నటి మబ్బు పోగులు లేచి, అన్నీ ఒక్కచోటి నుంచే విచ్చుకున్నట్టు కనబడుతున్నాయి. వాటి మొదలు ఎక్కడుందో ఆమెకు తెలుసు. చినగట్టుపాలెం వెళ్ళే షేర్ ఆటో ఎక్కింది. అందులో ఇంకెవరికీ ఆ సంగతి తెలియదు.

ఆటో యేసుబాబుది. ముందు సీట్లో అతని పక్క ఒక పెద్దాయన ఇరుక్కుని కూర్చున్నాడు. వెనక కూరగాయల సంచితో ఒకామె, ఆమె పక్కన హెలెన్.

“ఏరా బాబూ, బందరు రేవులో ఏదో తుపాను జెండా ఎగరేశారంట కదా, టీవీలో చెప్తన్నారు” అన్నాడు పెద్దాయన.

“టీవీ వాళ్ళకేం బాబాయ్, ఏదో ఒకటి చెప్పి భయపెట్టాలి. మనకి ఖాయమైన కబురుంది. నువ్వు వినలేదా?” అంటూ యేసుబాబు ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను తీసి ఒక వాయిస్ మెసేజీ పెట్టాడు.

“ఇది ఉత్తరం తిరుగుతుంది. ఒడిశా వైపు పోతుంది. మనకి వారం ఆఖరు దాకా ఎండే. కోసెయ్యండి. కోసి శుభ్రంగా ఎండబెట్టుకోండి. ఇంకా ఆగితే గింజ రాలిపోద్ది.”

హెలెన్ చటుక్కున తలెత్తింది. అది తన గొంతు.

“ఎవర్రా ఆవిడ?” అన్నాడు పెద్దాయన.

“ఫోనులో వాతావరణం చెప్పే మేడం లేదూ? ఆవిడే. గొంతు గుర్తుపట్టలేదా?”

“ఆవిడ కొయ్యొద్దని గదా చెప్పింది మొన్న?”

“అది ఆఫీసు వాళ్ళు రాసిచ్చింది చదవడం బాబాయ్. ఎటొచ్చినా తమమీద మాట రాకుండా రాసుకుంటారు వాళ్ళు. ఇది ఆవిడ సొంతంగా చెప్పింది. ఆ చెప్పడంలోనే తెలుస్తది కదా. మా మొవ్వ గ్రూపులో వచ్చింది. కూచిపూడి నుంచి మా బావమరిది పంపాడు. అవనిగడ్డ దాకా ఇదే తిరుగుతోంది. అందరూ కొడవళ్ళు పట్టుకుని దిగిపోయారు.”

కూరగాయల సంచి ఆమె హెలెన్ వైపు తిరిగి నవ్వింది. “మా ఆయన కూడా ఇది వినే కోయించాడమ్మా. లేకపోతే ఇంకా మీనమేషాలు లెక్కపెడతా కూర్చునేవాడు. మీదే ఊరు?”

హెలెన్ నోరు తెరవబోయి ఆగిపోయింది. ఒక్క మాట బయటికొస్తే చాలు, ఆటోలో అందరూ గుర్తుపడతారు. గొంతు బాగాలేదన్నట్టు మెడ దగ్గర చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపింది.

“అయ్యో, జలుబు చేసిందా? మిరియాల కషాయం తాగు తల్లీ” అంది ఆమె ఆప్యాయంగా.

దిగాల్సిన చోట కూడా హెలెన్ మాట్లాడలేదు. యేసుబాబు భుజం మీద తట్టి, ఆపమని సైగ చేసింది. ఆటో వెళ్ళిపోయాక రోడ్డు పక్కన అలాగే నిలబడిపోయింది. ఉయ్యూరు నుంచి ఇక్కడి దాకా తాను చూసిన చేలన్నీ, బారులు బారులుగా పరిచిన ఆ పనలన్నీ ఎవరు కోయించారో ఇప్పుడు ఆమెకు అర్థమైంది.

*

ఆరోన్ చేలోనే ఉన్నాడు. పనల్ని తిరగేస్తున్నాడు. అతని భార్య హన్నా అటు చివర్న వంగి ఉంది. చెల్లెల్ని చూసి ఆరోన్ మొహం విప్పారింది.

“చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావేంటమ్మాయ్? సెలవు పెట్టావా? హన్నా, హెలెనొచ్చింది చూడు!”

“అన్నయ్యా, నేను నీకు పంపిన మాట ఎవరికి పంపావు?”

ఆ అడగడంలో ఏదో ఉంది. ఆరోన్ చేతిలోని పన కింద పెట్టాడు.

“మన పాలెం గ్రూపులో పెట్టాను. అందరూ అడుగుతున్నారు గదా, మీ చెల్లెలేమంది, మీ చెల్లెలేమంది అని. నేనొక్కణ్ణే కోసుకుని, పక్కోడి పంట ఏమైపోతే నాకేంటని ఎలా ఊరుకుంటాను?”

“ఎవరికీ పంపొద్దని అందులోనే చెప్పాను కదా.”

“చెప్పావు. అందుకే ఆ ముక్క తీసేశాను. మొదట్లో ‘అన్నయ్యా, ఆఫీసు వాళ్ళం వాయిదా వేసుకోమనే చెప్పాం’ అన్నావు చూడు, అదీ తీసేశాను. నువ్వని తెలిస్తే నీ ఉద్యోగానికి మాటొస్తది గదా. ముందూ వెనకా కత్తిరించి, మధ్య ముక్క ఒక్కటే పెట్టాను. మన కోటయ్య కొడుకు చేసిచ్చాడు.”

“మొదట్లో ఇంకో మాట కూడా అన్నాను. ఖాయంగా చెప్పలేను గానీ అన్నాను. అది కూడా పోయిందన్నయ్యా. గ్రూపులో నా పేరు లేకపోతే ఏంటి, ఈ జిల్లాలో నా గొంతు తెలీని రైతెవరు? ఖాయంగా చెప్పలేనన్నది ఒక్కటే వినబడలేదు, మిగతాదంతా వినబడింది. అవనిగడ్డ దాకా పోయింది.”

ఆరోన్ ఒకసారి చేల వైపు చూశాడు. మళ్ళీ చెల్లెలి వైపు చూశాడు. “పోతే పోనియ్. మంచి మాటే గదా పోయింది. పదిమందీ కోసుకున్నారు. ఇంకో రెండెండలు తగిలితే...”

“ఎండల్లేవు. అది తిరగలేదన్నయ్యా. మనమీదికే వస్తోంది.”

హన్నా వంగినచోటే ఆగిపోయింది. ఆరోన్ గట్టు మీద కూర్చున్నాడు. 

“ఎప్పుడు?”

“రేపు మధ్యాహ్నం నుంచి వాన. సాయంత్రానికి గాలి. సముద్రం ఒడ్డున ఇంకా ముందే. బందరుకీ నిజాంపట్నానికీ మధ్య ఎక్కడో ఒడ్డెక్కుతుంది. ఎక్కినా తొందరగా పోదు. మెల్లగా కదులుతోంది. ఎంత మెల్లగా కదిలితే అంత నీళ్ళు పోస్తుంది.”

ఆరోన్ ఒక పనలోంచి నాలుగు వెన్నులు లాగి, గింజలు అరచేతిలో నలిపి, నోట్లో వేసుకుని కొరికాడు. పటుక్కుమనాల్సిన గింజ మెత్తగా నలిగింది.

“పచ్చి వదల్లేదు. కుప్పేస్తే లోపల ఉడికి ముక్కిపోద్ది. ఇలా వదిలేస్తే నీళ్ళలో నాని మొలకొస్తది” అన్నాడు తనలో తాను.

“కోత మిషను పిలిస్తే?” అంది హెలెన్, ఆశలేని గొంతుతో.

“మిషను నిలబడ్డ చేను కోస్తది గానీ పడుకున్నదాన్ని ఏం కోస్తదమ్మా? అయినా మిషను వద్దనే గదా కొడవళ్ళతో కోసింది. చేలో మినుములు చల్లాం, చక్రాల కింద నలిగిపోతాయని.”

హెలెన్ కిందికి చూసింది. పనల సందుల్లో, వరి దుబ్బుల మొదళ్ళలో లేత మినుము మొలకలు రెండేసి ఆకులు విప్పుకుని ఉన్నాయి. వరి పోతే మినుమన్నా మిగులుతుందని ఈ డెల్టాలో రైతు ధైర్యం. రేపటి నీళ్ళు నాలుగు రోజులు నిలబడితే ఆ మొలక ఒక్కటి కూడా ఉండదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పనక్కర్లేదు.

హన్నా లేచి నడుముకు చెంగు బిగించింది. ఏమీ మాట్లాడకుండా పనల్ని దగ్గరికి లాగి కట్టలు కట్టడం మొదలుపెట్టింది. ఉడికిపోతుందని తెలుసు. అయినా చేతులు ఊరుకోలేదు.

*

హెలెన్ ఆటో దిగడం ఎవరో చూశారు. ఊళ్ళో వార్త పాకింది. కాసేపటికి గట్టు వెంబడి ఐదారుగురు నడిచి వచ్చారు. ముందు కనకలక్ష్మి ఉంది. ఆరోన్ చేను పక్కనే ఆమెకు సొంత పొలం ఉంది. భర్త పోయిన దగ్గర్నుంచి కౌలుకివ్వకుండా తానే చేయించుకుంటోంది. ఎండకి నెత్తిన తువ్వాలు వేసుకుంది.

“ఏం హెలెన్, కుశలమా? వాతావరణం వాళ్ళు ఊళ్ళోకి నడిచొచ్చారంటే నాకెందుకో దడ పుట్టింది. పొద్దున్నుంచి గాలి కదల్లేదు. నా ఒంటికి నచ్చలేదు ఈ ఉక్క. ఆ ఫోనులో కబురు నిజమే కదా?”

హెలెన్ కంటే ముందు ఆరోన్ లేచాడు.

“అది మా చెల్లి చెప్పింది కాదమ్మగారూ. ఇప్పుడే తేలింది. ఎవరో కంప్యూటర్లో తయారుచేసిన గొంతంట. ఈ రోజుల్లో ఎవరి గొంతైనా చేసేస్తున్నారు గదా. తెలీక నేను గ్రూపులో పెట్టాను. తప్పు నాది. అనాలంటే నన్ననండి.”

అబద్ధం చెప్పడం ఆరోన్‌కి చేతకాదు. చెప్పేటప్పుడు చేతులు రెండూ లుంగీకి తుడుచుకుంటున్నాడు. అయినా వచ్చినవాళ్ళు నమ్మేలాగే ఉన్నారు. నమ్మితే హెలెన్ ఉద్యోగం నిలబడుతుంది. మంగళవారం మళ్ళీ మైకు ముందు కూర్చుని చదవవచ్చు. ఆరోన్ మాత్రం ఈ పాలెంలో బతికినన్నాళ్ళూ తలదించుకుని తిరగాలి.

ఆమె ఒక్క క్షణం ఊరుకుంది. ఆ క్షణం తర్వాత తనకే సిగ్గేసింది.

“అది నా గొంతేనండి. నేనే చెప్పాను. అన్నయ్యని కాపాడటానికి కాదు, నిజంగానే నేను చెప్పాను. ఉత్తరానికి పోతుందనుకున్నాను. పోలేదు. రేపు మధ్యాహ్నం నుంచి వాన.”

  వెనక నిలబడ్డ ఒకతను నెమ్మదిగా చెప్పులు విడిచి, తన చేను వైపు నడవడం మొదలుపెట్టాడు. పరిగెత్తలేదు. పరిగెత్తి చేసేదేం లేదని అతనికి తెలుసు.

“మరి ఆఫీసు ఫోనులో కొయ్యొద్దని చెప్పావే?” అంది కనకలక్ష్మి.

“అది కూడా నేనేనండి.”

“రెండు నాలుకలు నీకెందుకమ్మా?”

“ఆఫీసు మాటలో భయం ఎక్కువుంటుందండి. దీపావళి ముందు కూడా అలాగే చెప్పాం, చుక్క పడలేదు. మీరంతా తిట్టుకున్నారు. అన్నయ్య అడిగితే, నా మనసులో ఉన్నది చెప్పాలనిపించింది. లెక్కలన్నీ అటే చూపించాయి. ఒక్కటి మాత్రం ఇటు చూపించింది. ఆ ఒక్కటి నిజమైంది.”

కనకలక్ష్మి నెత్తిమీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుంది. ఆమె కళ్ళలో కోపం వస్తుందని హెలెన్ ఎదురుచూసింది. వస్తే బాగుండుననుకుంది.

“నిన్ను తిడితే నా వడ్లు ఎండుతాయంటే పొద్దుగూకేదాకా తిడతాను. ఎండవుగా. ఎవణ్ణి తిట్టను? ఇప్పుడు చెప్పింది మాత్రం ఖాయమేనా? రేపు మధ్యాహ్నమన్నావు. ఇది నమ్మాలా, మొన్నటిది నమ్మాలా?”

“ఖాయమేనండి.”

“మొన్నటిది కూడా ఇలాగే వినబడింది నాకు” అంది కనకలక్ష్మి.

జవాబు కోసం ఆమె ఆగలేదు.

“పైన కప్పడానికి బరకాలేమైనా ఉన్నాయంట్రా?” అని కనకలక్ష్మి పక్కవాళ్ళనడిగింది.

“పామర్రులో దొరకవమ్మగారూ. సంత రోజునే అయిపోయినయ్. ఉన్నా, పది కట్టల మీద కప్పొచ్చు, చేను మీద కప్పలేం కదా” అన్నాడొకడు.

“అయితే పది కట్టలే కప్పుదాం. విత్తనానికన్నా ఉంటాయి.” ఆమె వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి ఆగి, హెలెన్‌ని చూడకుండానే అంది. “మంగళవారం ఫోను మోగితే ఎత్తాలో వద్దో మాకే తెలియడం లేదమ్మా. మేం నీమీద కోపంతో అనడం లేదు. ఎత్తి ఏం చేసుకోవాలో తెలీక.”

 పదేళ్ళ కిందట మొదటిసారి ఆమె గొంతు ఈ ఊరి ఫోన్లలో వినబడినప్పుడు, పాలెంలో అందరూ ఆరోన్ ఇంటి ముందు చేరి స్పీకరు పెట్టుకుని విన్నారు. ‘మనమ్మాయి చెప్తోంది’ అని ఒకళ్ళకొకళ్ళు చూపించుకున్నారు. రైతు ఆకాశం వంక చూడటం మానేసి ఫోను వంక చూడటం మొదలుపెట్టింది అప్పటినుంచే. ఇప్పుడు వాళ్ళు మళ్ళీ తలలెత్తి ఆకాశం చూస్తున్నారు. తూర్పున ఆ దూదిపోగులు చిక్కబడి తెల్లటి పరదాలా అయిపోయాయి. సూర్యుడి చుట్టూ మసక వలయం గుడి కట్టింది.

ఆమె ఫోను తీసి రికార్డు నొక్కింది. ఈసారి ముందూ వెనకా కత్తిరించడానికి వీల్లేకుండా, మళ్ళీ మళ్ళీ పేరు చెప్పింది.

“నేను హెలెన్‌ని. మీ ఫోన్లలో వాతావరణం చెప్పే హెలెన్‌ని. ఒడిశా పోతుందని చెప్పింది నేనే. హెలెన్ చెప్పింది తప్పయింది. వాయుగుండం కృష్ణా జిల్లా మీదికే వస్తోంది. కొయ్యనివాళ్ళు కొయ్యకండి. కోసినవాళ్ళు విత్తనం వడ్లన్నా ఎత్తుకోండి. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళు ఈ రోజే ఎగువకి వచ్చెయ్యండి.”

ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు. పోయేది పోనీ అనుకుని పాలెం గ్రూపులో పెట్టించింది. ఆరోన్ తనకు తెలిసిన ప్రతి గ్రూపులోకీ తోశాడు. మొవ్వకి, కూచిపూడికి, అవనిగడ్డకి. పాత మాట ఏ దారిన పోయిందో ఆ దారినే కొత్త మాటని పంపారు.

తిరుగు జవాబులు తొందరగానే వచ్చాయి. ఆరోన్ ఒకటొకటే చదివాడు.

“‘ఇది నకిలీ, ఎవరూ నమ్మకండి’ అంటున్నాడు ఒకడు.”

“ఇంకో గ్రూపులో?”

“‘మేడం అసలు గొంతు ఇదీ’ అని పాతది మళ్ళీ పెట్టారు. కింద ఈ రోజు తేదీ వేసి. మిల్లులవాళ్ళు రైతుల్ని బెదిరించి వడ్లు చౌకగా కొట్టెయ్యడానికి దొంగ గొంతు తయారుచేశారంట. ‘అసలు మేడం అయితే ఇన్నిసార్లు పేరెందుకు చెప్పుకుంటుంది’ అని రాశాడు ఇంకొకడు.”

హెలెన్ నవ్వబోయింది. అది నవ్వులా రాలేదు. గట్టు మీద కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంది. కాసేపటి కిందట ఆరోన్ చెప్పిన అబద్ధాన్నే ఇప్పుడు ఊళ్ళకి ఊళ్ళు నిజమని పట్టుకున్నాయి.

*

హన్నా కట్టలు కట్టడం ఆపి, నీళ్ళ సీసా తెచ్చి ఆడపడుచుకి ఇచ్చింది. హెలెన్ రెండు గుక్కలు తాగి, అప్పుడు అడిగింది.

“అమ్మేది వదినా? కోత కూలీలతో ఉందా? కనకలక్ష్మిగారి చేలో కనబడలేదే? అమ్మ ముఠా వస్తే కట్టలన్నా తొందరగా పడతాయి కదా.”

హన్నా మొగుడి వంక చూసింది. ఆరోన్ తల తిప్పుకున్నాడు.

“అన్నయ్యా, అమ్మేదీ?”

“దివిసీమ కింద లంకలో కోతలకి మనుషుల్లేరని కబురొచ్చింది. ముఠాని తీసుకుని నిన్న పొద్దున వెళ్ళింది. ఏరు దాటి.”

హెలెన్ సీసా గట్టు మీద పెట్టి లేచి నిలబడింది. 

వాళ్ళమ్మ సంపూర్ణమ్మ పుట్టింది ఆ దివిసీమలోనే. డెబ్బయ్యేడు నవంబరులో ఉప్పెన వచ్చినప్పుడు ఆమె చిన్న పిల్ల. తాటిచెట్టు మీదికి ఎవరో ఎక్కించబట్టి బతికింది. తల్లీ తండ్రీ తమ్ముడూ నీళ్ళలోనే పోయారు. పెళ్ళయి ఈ పాలెం వచ్చాక, ఎంత కూలి ఇస్తామన్నా సరే, నవంబరు నెలలో ఆమె ఏరు దాటి ఎరగదు. ముఠాలో ఆడవాళ్ళు వేళాకోళం చేసినా దాటలేదు. ఆ నెలంతా రాత్రిళ్ళు లేచి గుమ్మంలో నిలబడి గాలి వినేది. పిల్లలిద్దరూ అది చూస్తూనే పెరిగారు. హెలెన్ ఈ చదువు చదవడానికి అదే కారణమని సంపూర్ణమ్మ అందరికీ చెప్పుకునేది.

“అమ్మ నవంబరులో ఏరు దాటిందా?” అంది హెలెన్. “నువ్వెలా పంపావన్నయ్యా?”

“నేను పంపలేదు. నీ మాట పెట్టి వినిపించాను. రెండుసార్లు వింది. ‘నా బిడ్డ చెప్పిందిగా, ఇంక నాకేం భయం’ అంది. ఇన్నేళ్ళకి మొదటిసారి నవ్వుకుంటా వెళ్ళిందమ్మాయ్” అన్నాడు ఆరోన్. అంటూనే ఏడ్చాడు. పంట పోతుందని విన్నప్పుడు ఏడవనివాడు ఇప్పుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

హెలెన్ ఫోను నొక్కింది. ఒకసారి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. మూడోసారి ఎత్తారు. ముందు గాలి వినబడింది. ఇక్కడ ఆకు కదల్చని గాలి అక్కడ హోరున కొడుతోంది.

“అమ్మా! నేను, హెలెన్‌ని.”

“ఆఁ, చెప్పవే! ఇక్కడ జల్లు మొదలైంది. నువ్వు ఎండ కాస్తదన్నావు గదా? దాటిపోయే మబ్బేనా?” సంపూర్ణమ్మ గొంతులో ఇంకా నమ్మకం ఉంది. అది వినడం హెలెన్‌కి అన్నిటికంటే కష్టమైంది.

“అమ్మా, నేను చెప్పింది తప్పయింది. అది మీమీదికే వస్తోంది. వెంటనే ఇవతలికి వచ్చెయ్యండి.”

అవతల ఆడవాళ్ళెవరో గుసగుసలాడారు. ఒక పసిపిల్ల ఏడుపు వినబడింది. పాలు తాగే పిల్లల్ని కూడా వెంట తీసుకుపోయినట్టున్నారు.

“ఏరు దాటించే పంటు ఆపేశారంట” అంది సంపూర్ణమ్మ చివరికి. గొంతు మారిపోయింది. “జల్లుకి కోత ఆపి వచ్చి మేము రేవులోనే ఉన్నాం. ఇక్కడ చేపల వాళ్ళు ఇద్దరున్నారు. నాటుపడవల మీద ఇప్పుడైతే దాటిస్తాం, కాసేపాగితే మావల్ల కాదంటున్నారు. ఏటిలో కెరటాలు లేస్తున్నాయే, కళ్ళకి కనబడతున్నయ్. దాటకపోతే ఈ లంకలో ఎత్తయిన చోటు బడి ఒక్కటే. అది కూడా పాతది.”

“అమ్మా...”

“ఇప్పుడే పడవ ఎక్కమంటావా? బడిలో ఉండమంటావా? స్పీకరు పెట్టానే. అందరూ వింటున్నారు. వీళ్ళంతా నా మాట విని వచ్చినవాళ్ళు. నువ్వు ఏది చెప్తే అది చేస్తాం.”

హెలెన్ నోరు తెరిచింది. ఆ ఏటి మొగలో, ఈ క్షణాన, గాలి ఎంత వేగంతో కొడుతోందో, కాసేపటికి తగ్గుతుందో పెరుగుతుందో చెప్పే లెక్క ఏదీ ఆమె దగ్గర లేదు. ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. ఆరోన్ ఏడుపు ఆపి ఆమె మొహంలోకే చూస్తున్నాడు. హన్నా రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది.

“హెలెనూ! వినబడుతోందా? తొందరగా చెప్పవే, పడవవాళ్ళు తాళ్ళు విప్పుతున్నారు!”